సోనిక్స్‌ను సియాటిల్ చేజేతులా పోగొట్టుకుందా?

మా సియాటిల్ బాస్కెట్‌బాల్ జట్టు సోనిక్స్ 2008లో ఓక్లహోమా సిటీకి తరలిపోవడం గురించి, గత పది రోజుల్లో ఒకే సందేశం నాకు ఆరుసార్లు వచ్చింది. బెల్‌వ్యూ, రెడ్మండ్‌లలోని మిత్రులు పంపినవి ఐదు కాగా, వారిలో ఎవరి నుంచో హైదరాబాదు చేరి, అక్కడి మా బావగారి ద్వారా తిరిగి నా దగ్గరికే వచ్చినది ఆరవది. జనం ఆటలకు రావడం మానేశారనీ, కొత్త యజమానులు జట్టును ఇక్కడే నిలపడానికి ఏడాదిపాటు నిజాయతీగా పాటుపడ్డారనీ, నగరం డబ్బు పుచ్చుకుని చేతులు దులుపుకుందనీ, జట్టు పేరు కూడా పోయిందనీ, ఇప్పుడు సోనిక్స్ మళ్ళీ కావాలంటే అడిగినంత పన్ను సొమ్ము ముట్టజెప్పడం తప్ప దారి లేదనీ అందులోని సారాంశం. "వానలు కురిసే ఊరికి బాస్కెట్‌బాల్ ఎందుకు" అన్న చమత్కారం కూడా ఉంది. అది కప్పు కింద ఆడే ఆట కాబట్టి దానికి జవాబు అక్కర్లేదు.

జనం రాలేదన్న మాట చూద్దాం. 2004-05లో 52 ఆటలు గెలిచిన జట్టుకు జనం వచ్చారు. 2007 వేసవిలో తన మేటి ఆటగాళ్ళలో రే అలెన్‌ను బోస్టన్ జట్టుకు ఇచ్చేసి, రషార్డ్ లూయిస్‌ను వెళ్ళనిచ్చి, ఊరు వదిలిపోతామని నవంబరులోనే ప్రకటించి, ఆ సీజనులో 20 గెలిచి 62 ఓడిన జట్టుకు జనం తగ్గారు. ఇందులో వింత ఏముంది? అయినా 2008 ఏప్రిల్ 13 రాత్రి డాలస్‌తో జరిగిన ఆఖరి ఆటకు నేను వెళ్ళాను. "మా సోనిక్స్‌ను కాపాడండి" అన్న కేకలతో జట్టు సొంత ఆటస్థలం కీ అరీనా హోరెత్తుతుంటే, మా జట్టులోని పందొమ్మిదేళ్ళ కెవిన్ డ్యూరాంట్ చేతులు పైకెత్తి మమ్మల్ని ఇంకా అరవమన్నాడు. గెలిచాం కూడా, 99-95. నా పక్క సీటులోని పెద్దాయన ఆట ముగిశాక చాలాసేపు లేవలేదు, ఒడిలో పెట్టుకున్న ఆకుపచ్చ టోపీని మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. ఆయనను ఆటలకు రావడం మానేసిన జనంలో లెక్కేశారో లేదో సందేశకర్తలే చెప్పాలి.

ఇక అసలు అబద్ధం, నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టినది, ఆ "నిజాయతీ". 2006లో స్టార్‌బక్స్ హోవర్డ్ షుల్ట్జ్ బృందం జట్టును 35 కోట్ల డాలర్లకు అమ్మినప్పుడు, కొన్న క్లే బెనెట్ బృందం 12 నెలలపాటు ఈ ప్రాంతంలోనే కొత్త అరీనా కోసం చిత్తశుద్ధితో ప్రయత్నించాలన్నది షరతు. కొన్నవారిలో ముఖ్యులందరూ ఓక్లహోమా సిటీ వారు. అంతకుముందే, కత్రినా తుఫాను వల్ల నిరాశ్రయమైన న్యూ ఆర్లియన్స్ జట్టుకు ఆతిథ్యమిచ్చి, ఎన్‌బీఏ (అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్) రుచి మరిగిన ఊరు అది. 2007 ఆరంభంలో బెనెట్ సియాటిల్ శివారు రెంటన్‌లో 50 కోట్ల డాలర్ల అరీనా ప్రతిపాదించారు. అందులో సింహభాగం ప్రజల పన్నుల నుంచే రావాలి. మూడు నెలలు ముందే, ఆటల జట్లకు ఇచ్చే నగర ధనం లాభం తెచ్చి తీరాలంటూ సియాటిల్ ఓటర్లు దాదాపు నాలుగింట మూడు వంతుల మెజారిటీతో తీర్మానించారన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఏప్రిల్‌లో రాష్ట్ర శాసనసభ ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. అదే ఏప్రిల్‌లో, గడువు ఇంకా ఆరు నెలలు ఉండగానే, భాగస్వామి టామ్ వార్డ్ వచ్చే సీజనుకే జట్టును ఓక్లహోమాకు తేగలమా అని ఈమెయిల్‌లో అడిగితే, తనకు పూనకం వచ్చినట్టుందని, చేయగలిగినదంతా చేస్తానని బెనెట్ బదులిచ్చారు. పూనకం జట్టును సియాటిల్‌లో నిలపడానికేనని ఆయన తరువాత వివరణ ఇచ్చుకున్నారు. నమ్మేవారు నమ్మవచ్చు. ఆగస్టులో మరో భాగస్వామి ఆబ్రీ మెక్లెండన్, జట్టును కొన్నది సియాటిల్‌లో ఉంచడానికి కాదని పత్రికకు బాహాటంగానే చెప్పారు. అందుకు ఎన్‌బీఏ ఆయనకు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. తప్పు అబద్ధమాడటం కాదు, నిజం బయట పెట్టడం! సామాను లారీకెక్కించి, తాళం వేస్తూ, "మమ్మల్ని ఉండమని ఎవరూ బతిమాలలేదు" అని పొరుగువారిని తిట్టినవారి నిజాయతీ ఇది.

నగరం డబ్బు పుచ్చుకుందన్నది మాత్రం నిజం, ఇక్కడ నేను వాదించను. కీ అరీనాలో జట్టు లీజు 2010 వరకు ఉంది, దాని మీద నగరం వేసిన దావా నడిచింది, 2008 జులై 2న న్యాయమూర్తి తీర్పు చెప్పవలసిన కొన్ని గంటల ముందు నగరం 4.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఇంకో 3 కోట్లు షరతుల మీద వస్తాయన్నారు, రాలేదు. ఆ తీర్పు వినే అవకాశాన్ని అమ్ముకున్నారన్న కోపం నాకు ఈనాటికీ ఉంది.

దీని నుంచి సందేశం తీసే నీతి, అంటే అడిగినంత పన్ను కట్టడమే మార్గమన్నది, ప్రమాదకరం. 1962 ప్రపంచ ప్రదర్శన నాటి కీ అరీనా కప్పును తాత్కాలిక ఉక్కు స్తంభాల మీద నిలిపి, కింద భూమిని తవ్వి, 2021లో తెరిచిన క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా వంద కోట్ల డాలర్లు దాటిన ప్రైవేటు పెట్టుబడితో వచ్చింది. అరీనా సిద్ధంగానే ఉంది, లేనిది జట్టు. అటు ఓక్లహోమా సిటీలో, 2023 డిసెంబరులో ఓటర్లు ఆమోదించిన కనీసం 90 కోట్ల డాలర్ల అరీనాకు యజమానుల వాటా 5 కోట్లు. మా వాళ్ళు మెచ్చుకుంటూ పంపుతున్న ఆదర్శం అదే అయితే, అది వారి ఇష్టం.

ఈ ఊరికి బాస్కెట్‌బాల్ పట్టదన్నవారు మహిళల జట్టు స్టార్మ్ వైపు ఒకసారి చూడాలి. 2008లో నలుగురు స్థానిక మహిళలు దాన్ని కోటి డాలర్లకు కొని ఇక్కడే నిలిపారు, ఆ తరువాత అది 2010, 2018, 2020లలో ఛాంపియన్ అయింది.

ఆ సందేశం రాసినవారు వాడుకోవలసి ఉండి వాడుకోని వాదన ఒకటుంది, నేనే చెబుతాను. 2013లో సాక్రమెంటో నగరపు ఎన్‌బీఏ జట్టు కింగ్స్‌ను కొని ఇక్కడికి తేవాలని మనవాళ్ళు ప్రయత్నించినప్పుడు, నేనూ ఆకుపచ్చ చొక్కా వేసుకుని సంబరపడ్డాను. ఎన్‌బీఏ యజమానులు 22-8 ఓట్లతో దాన్ని తిరస్కరించారు. ఐదేళ్ళ కిందట మనకు జరిగినదే సాక్రమెంటోకు జరగాలని కోరుకున్నానన్న సంగతి, ఆ నగరవాసి అయిన సహోద్యోగి మర్నాడు భోజనాల బల్ల దగ్గర నాతో మాట్లాడకుండా లేచి వెళ్ళినప్పుడు గానీ తట్టలేదు.

చివరగా, పేరు కూడా పోయిందన్న వాక్యం. పోలేదు. 2008 ఒప్పందం ప్రకారం సోనిక్స్ పేరు, ఆకుపచ్చ, బంగారు రంగులు ఇక్కడికి రాబోయే జట్టు కోసమే ఉంచారు. ఈ ఒక్క వాక్యమైనా సరిదిద్దాకే ఏడోసారి పంపమని బావగారితో సహా అందరికీ మనవి.