సవరణ: ఇసుక గుంత దెబ్బ ఎగువకూ పాకుతుంది

నదిలో ఇసుక తవ్వకాలపై ముందు ఇచ్చిన టపాలో ‘తవ్విన చోటికి దిగువనే కోత పడుతుంది, ఎగువ వంతెనలకు భయం లేదు’ అని ఉంది. ఇది తప్పు. దాన్ని నమ్మి ఎవరూ నిర్ణయాలు తీసుకోవద్దు.

గుంత ఎగువ అంచు దగ్గర నీటి వాలు ఒక్కసారిగా పెరుగుతుంది. వాలుతో వేగం, వేగంతో అడుగును కోసే శక్తి పెరుగుతాయి. అంచు విరిగి వెనక్కి జరుగుతుంది, వరద వచ్చినప్పుడల్లా మరికొంత. గట్టి రాయి అడ్డుపడేదాకా, లేదా వాలు సర్దుకునేదాకా ఈ కోత ఎగువకు పాకుతూనే ఉంటుంది, ఉపనదుల్లోకి కూడా. దిగువ కోతకు కారణం వేరు: అడుగున దొర్లివచ్చే ఇసుక గుంతలో ఆగిపోతే, ముందుకు సాగే నీరు ఆ లోటును అడుగునుంచీ గట్లనుంచీ తీర్చుకుంటుంది.

పోర్చుగల్‌లో 2001 మార్చి 4న డోరో నదిపై వంతెన కూలి 59 మంది చనిపోయారు. ఏళ్ల తరబడి ఇసుక తీయడంతో స్తంభం చుట్టూ నది అడుగు దిగిపోవడాన్ని విచారణ ఒక కారణంగా చూపింది.

అందుకే వంతెనకు రెండు వైపులా తవ్వకం ఆపాలి. వరదకు ముందూ తర్వాతా అవే చోట్ల, గట్టు నుంచి గట్టుదాకా అడుగు మట్టం కొలవాలి. వరద తర్వాత గుంత పూడినట్టు కనిపించినా నమ్మవద్దు, ఆ ఇసుక ఎగువ వంతెన కిందనుంచే కొట్టుకొచ్చి ఉండొచ్చు.