ఇల్లు వదిలే అర్హత ఎవరికుంది?

భార్యాభర్తలు విడిగా ఉందామనుకున్నాక ఇల్లు ఎవరు వదలాలన్నదాని మీద ఈమధ్య అనవసరంగా చర్చలు పెడుతున్నారు. ఇందులో చర్చించడానికేముంది? అనుభవం ఉన్నవాళ్లే వెళ్లాలి. ఆడపిల్లకు అప్పగింతల రోజే ఈ పనిలో శిక్షణ ఇచ్చాం, బంధువులందరి ఎదుట, వీడియో తీయించి మరీ. మగవాడి సంగతి వేరు. కాశీయాత్రకని గొడుగు, కర్ర ఇచ్చి పంపితే, పట్టుమని పదడుగులు వేయకముందే బావమరిది బెల్లం పెట్టి బతిమాలి వెనక్కి తీసుకొచ్చాడు. ఇల్లు వదలడంలో ఆయనకున్న అనుభవమంతా అదే. అలాంటి మనిషిని ఇప్పుడు కూకట్‌పల్లిలో హాస్టల్ వెతుక్కోమంటే న్యాయమా? వాషింగ్ మెషీన్‌లో సబ్బుపొడి ఎక్కడ వేయాలో కూడా ఆయనకు తెలియదు.

చట్టాలు చేసేవాళ్లకు ఇవేవీ పట్టవు. 2005 నాటి గృహహింస చట్టం, 17వ సెక్షన్ చూడండి. కాపురం చేసిన ఇంటి మీద యాజమాన్యం ఉన్నా లేకపోయినా ఆమె అక్కడ ఉండొచ్చట. చట్టప్రకారం తప్ప బయటికి పంపకూడదట. ముందుచూపున్న కుటుంబాలు దీనికీ విరుగుడు కనిపెట్టాయి. ఫ్లాటు అత్తగారి పేరున, ఈఎంఐ కొడుకూ కోడళ్ల జీతాల్లోంచి. 2006లో సుప్రీంకోర్టు కూడా అత్తగారి సొంతిల్లు కోడలు హక్కు అడిగే ఇల్లు కాదంది. పద్నాలుగేళ్లు హాయిగా గడిచాయి. 2020లో అదే కోర్టు, ఆ తీర్పు సరికాదు, అత్తమామల ఇల్లయినా సరే ఆమె కాపురం చేసిందైతే నివాస హక్కు అడగొచ్చు అని చెప్పేసింది. స్టాంపు డ్యూటీ కట్టినవాళ్ల గోడు ఎవరికి చెప్పుకోవాలి?

సరే, ఎవరూ కదలకపోతే? దానికీ దారుంది. ఇద్దరూ ఒప్పుకుని విడాకులడగాలంటే అప్పటికి కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. విడిగా అంటే వేరే ఇంట్లోనే అని కాదు, ఒకే కప్పు కిందున్నా భార్యాభర్తల్లా మెలగకపోతే చాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇదే నాకు బాగా నచ్చిన తీర్పు. కాకపోతే గట్టి నిఘా కావాలి. హాల్లో కూర్చున్న ఆయన "పప్పులో ఉప్పు తగ్గింది" అన్నాడనుకోండి, అది దాంపత్యం కాదా? నా ఉద్దేశంలో నూటికి నూరుపాళ్లు దాంపత్యమే. ఏడాది మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలి.

ఆమెకేం, పుట్టిల్లుందిగా అంటారు. ఉంది. ఆమె గదిలో ఇప్పుడు తమ్ముడి ట్రెడ్‌మిల్ ఉంది, దాని మీద ఆరేసిన తువ్వాళ్లున్నాయి. "పిల్లకి సెలవులని వచ్చింది" అని వాళ్లమ్మ పక్కింటావిడకు చెబుతోంది. జూన్ 12న బడులు తెరిచాక "వర్క్ ఫ్రమ్ హోమ్ అటండీ" అనాల్సి వస్తుంది. నిజానికి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకూ సమాన వాటా అని ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం తెచ్చింది. ఢిల్లీకి ఆ ఆలోచన 2005లో గానీ రాలేదు. అయితే ఈవిడ ఆమధ్య పసుపు కుంకుమతో పాటు ఒక పట్టుచీర తీసుకుని తమ్ముడికి సంతకం పెట్టేసింది. చీర మాత్రం బాగుందని అందరూ అన్నారు.

ఇక సామాన్లు. ఇంటి కాగితాల్లో ఎక్కడా కనపడని ఆమె పేరు స్టీలు గిన్నెల మీద మాత్రం చుక్కలు చుక్కలుగా, పెళ్లి తేదీతో సహా చెక్కి ఉంటుంది. బిందె మీద, టిఫిన్ డబ్బా మీద, ఆఖరికి గరిటె కాడ మీద కూడా. స్త్రీధనం ఆమెదేనని అత్తగారూ ఒప్పుకున్నారు, పెద్దమనసుతో. నగలున్న లాకరు తాళం ఎక్కడ పెట్టారో మాత్రం ఆవిడకు గుర్తు రావడం లేదు, పాపం. గిన్నెలన్నీ ఆటో ట్రాలీ ఎక్కాక కుక్కర్ దగ్గర ఆగింది వ్యవహారం. కుక్కర్ కోడలిదే, పేరుంది. లోపలి రబ్బరు మాత్రం మొన్న దసరాకు ఈయన డబ్బుతో మార్పించిందని అత్తగారి అభ్యంతరం. ఫ్యామిలీ కోర్టులో వాయిదా వేశారు.