గిన్నె తీయకండి, గడియారం చూడండి

మనవాళ్ల ఇళ్లలో కుక్కపిల్లను తెచ్చుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. టెక్సాస్‌లో డల్లాస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు చాలా తెలుగు ఇళ్లలో తలుపు తీయగానే ఒక లాబ్రడారో, గోల్డెన్‌డూడిలో కాళ్లకు అడ్డం పడుతోంది. సంతోషమే. కానీ దానితోపాటు ఒక అలవాటు కూడా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకుతోంది. పిల్ల కార్పెట్ మీద ఉచ్చ పోస్తోందని నీళ్ల గిన్నె తీసి కిచెన్ కౌంటర్ మీద పెట్టేస్తున్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కిందపెట్టి మళ్లీ తీసేస్తున్నారు. తాగితేనే కదా పోసేది అని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు. దానివల్ల పాటీ ట్రైనింగ్, అంటే బయటే పోసే అలవాటు, త్వరగా అవ్వదు సరికదా, ఇంకా ఆలస్యమవుతుంది. పిల్ల ఒంటికి కూడా మంచిది కాదు.

రెండు నెలల పిల్లకు ఆపుకోవడం ఇంకా రాదు. మూత్రాశయం చిన్నది, దాన్ని బిగించి ఉంచే కండరాల మీద పట్టు నెమ్మదిగా వస్తుంది. పిల్లకు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి, మహా అయితే అన్ని గంటలు ఆపుకోగలదు అని వెట్‌లు, అంటే పశువైద్యులు, ఒక మోటు అంచనా చెబుతారు. అంటే రెండు నెలల పిల్లకు మూడు గంటలు. అదీ నిద్రలోనో, కదలకుండా పడుకున్నప్పుడో. ఆటలో ఉంటే అరగంట కూడా ఆగకపోవచ్చు. నీళ్లు తగ్గించినంత మాత్రాన ఈ పట్టు ముందే రాదు. తాగకపోయినా కిడ్నీలు పని ఆపవు కాబట్టి మూత్రం రావడం మానదు, చిక్కగా, ఘాటుగా వస్తుంది. అది కార్పెట్‌లోకి ఇంకితే వాసన ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ఆ వాసనే పిల్లను మళ్లీ అదే మూలకు తీసుకెళ్తుంది.

ఈ మధ్య తెలిసినవాళ్ల ఇంట్లో చూశాను. నీళ్లు కట్టడి చేసిన పిల్ల డిష్‌వాషర్ తలుపు అంచున కారిన చుక్కలు నాకుతోంది. బాత్రూమ్ తలుపు తెరిచి ఉంటే లోపలికి పోయి షవర్ నేల నాకుతోంది. సాయంత్రం స్టీలు గిన్నె కిందపెట్టగానే మూతి మొత్తం ముంచేసింది. గిన్నె టైల్స్ మీద జరిగిపోతుంటే దాని వెనకే పాకుతూ అడుగుదాకా తాగి, ఖాళీ గిన్నెను కూడా నాకింది. పది నిమిషాలకి హాల్లో పెద్ద మడుగు. "చూశారా, ఇందుకే తీసేస్తున్నాం" అంది ఆ ఇంటి అమ్మాయి. ఇండియా నుంచి వచ్చిన వాళ్ల అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "దాహం తీరా తాగింది కాబట్టి అంత పోసిందమ్మా. నోరులేని జీవం, నీళ్లు కావాలని అడగలేదు కదా" అన్నారు. పెద్దావిడ చెప్పిందే సరైన మాట. రోజంతా నీళ్లు అందుబాటులో ఉన్న పిల్ల కాసిని కాసిని తాగుతుంది, ఎప్పుడు పోస్తుందో మనకు ఒక అంచనా దొరుకుతుంది. దాహంతో ఎండిపోయిన పిల్ల మళ్లీ ఎప్పుడు దొరుకుతాయో అని ఒక్కసారే పట్టేస్తుంది, ఆ తర్వాత మన అంచనాలేవీ పనిచేయవు.

పట్టుకోవాల్సింది టైమును. నిద్ర లేచాక, తిన్నాక, బాగా తాగాక, ఆట మధ్యలో, ఆట అయ్యాక బయటికి తీసుకెళ్లాలి. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారైనా బ్యాక్‌యార్డ్‌లో ఒకే చోటికి తీసుకెళ్లాలి. పని అవ్వగానే అక్కడికక్కడే మెచ్చుకుని చిన్న ట్రీట్ పెట్టాలి. లోపలికి వచ్చాక పెడితే దేనికి పెట్టారో దానికి అర్థం కాదు. పోసే ముందు పిల్ల చెబుతుంది కూడా. నోట్లో ఉన్న బొమ్మను వదిలేసి ముక్కు నేలకు ఆనించి వాసన చూస్తూ, ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ సోఫా వెనక్కో డైనింగ్ టేబుల్ కిందకో వెళ్తుంది. ఆ క్షణంలో మనం ఫోన్ చూసుకుంటూ ఉంటే తప్పు పిల్లది కాదు. చూసే మనిషి లేనప్పుడు దాన్ని క్రేట్‌లోనో (కుక్కను ఉంచే బోను), బేబీ గేట్ పెట్టిన కిచెన్‌లోనో ఉంచండి. పూజ గదికి మొదటి రోజే గేట్ పెట్టేయండి. అక్కడ ఒక్కసారి పోస్తే ఇంట్లో పెద్దవాళ్లకు ఎంత బాధో నాకు తెలుసు, ఆ కోపమంతా పిల్ల మీదకే పోతుంది.

శుభ్రం చేయడం గురించి కూడా ఒక మాట. ఫినాయిల్ వాసన మన ముక్కుకు శుభ్రంగా అనిపిస్తుందే తప్ప పిల్ల ముక్కును మోసం చేయలేదు. అమ్మోనియా ఉన్న క్లీనర్లయితే ఆ వాసనే మూత్రం వాసనలా ఉంటుంది. పెట్ స్టోర్లలో ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి, అవే వాడండి.

ఇక నీళ్ల గిన్నె కంటే పెద్ద సమస్య దగ్గరికి వస్తాను. చాలా ఇళ్లలో భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు వెళ్లిపోతారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకూ పిల్ల క్రేట్‌లో ఉంటుంది. అంతసేపు ఆపుకోలేదని తెలుసు కాబట్టి నీళ్లు పెట్టరు. ఇది ట్రైనింగ్ కాదు, ఇంట్లో మనిషి లేని లోటును పిల్ల దాహంతో పూడ్చడం. మొదటి రెండు మూడు నెలలైనా మధ్యాహ్నం ఎవరో ఒకరు ఉండేలా ఏర్పాటు చేసుకోవాలి. ఇంటి నుంచి పనిచేసే రోజులు ఇద్దరూ వంతులు వేసుకోవచ్చు. డాగ్ వాకర్‌ని పెట్టుకోవచ్చు. పక్కింటి హైస్కూలు పిల్లాడికి కాస్త డబ్బిచ్చి వేసవి సెలవుల్లో మధ్యాహ్నం రమ్మనవచ్చు. ఇవేవీ కుదరకపోతే ఇప్పుడు పిల్లను తేవద్దు. షెల్టర్లలో రెండు మూడేళ్ల కుక్కలున్నాయి, వాటిలో చాలావాటికి బయటికి వెళ్లే అలవాటు అప్పటికే ఉంటుంది. మన పిల్లలు బుజ్జి కుక్కే కావాలని ఏడుస్తారు, నిజమే. వాళ్లకు సర్దిచెప్పాల్సింది మనమే కదా.

ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలకో, అత్తామామలకో ఈ పని మొత్తం అప్పగించేసే ఇళ్లూ ఉన్నాయి. వాళ్లు ఇష్టంగా చేస్తే వేరు. మోకాళ్ల నొప్పులతో గంటకోసారి మెట్లు దిగి గడ్డిలో నిలబడాల్సి వస్తే అది వాళ్లకూ శిక్షే. అలసిపోయి వాళ్లే గిన్నె తీసేస్తారు.

తిండి గురించి మన ఇళ్లకే చెందిన ఒక విషయం ఉంది. పిల్ల కడుపులోకి వెళ్లే నీళ్లన్నీ గిన్నెలోవే కావు. డ్రై ఫుడ్‌లో నీరు పదో వంతే, డబ్బాల్లో వచ్చే తడి ఆహారంలో ముప్పావు వంతు నీరే. మన పెరుగన్నం, మజ్జిగన్నం సంగతి చెప్పనక్కర్లేదు. రాత్రి తొమ్మిదింటికి ప్రేమగా రెండు ముద్దలు పెరుగన్నం పెట్టి, పన్నెండింటికి పిల్ల లేస్తే నీళ్లను తిడతాం. ఆ అన్నంలో ఉప్పుంటే దాహం ఇంకా పెరుగుతుంది. పైగా ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి సాంబారన్నం, పులుసన్నం అసలు పెట్టకూడదు. వేళకు కొలిచి పెడితే పిల్ల బయటికి వెళ్లే వేళలు కూడా కుదురుకుంటాయి.

రాత్రి విషయంలో మాత్రం నేను కాస్త సడలిస్తాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు పడుకునే ముందు రెండు గంటల నుంచి గిన్నె తీసి ఉంచడం తప్పు కాదు, చాలామంది వెట్‌లు కూడా ఒప్పుకుంటారు. పదింటికి పడుకునే ఇంట్లో ఎనిమిదింటికి కడుపునిండా తాగనిచ్చి, పదింటికి చివరిసారి బయటికి తీసుకెళ్లడం. మధ్యలో నాలుక బయటపెట్టి రొప్పుతుంటే ఒక ఐస్ ముక్క ఇవ్వండి. కానీ ఆ రోజు ఎండలో ఆడినా, విరేచనాలో వాంతులో అయినా, మరీ చిన్న జాతి పిల్ల అయినా ఈ కట్టడి పెట్టకండి. రెండు మూడు నెలల పిల్ల రాత్రి ఒకటి రెండుసార్లు లేస్తుంది. లైట్లు వేయకుండా, ఆడించకుండా తీసుకెళ్లి తీసుకొచ్చేయండి. నాలుగైదు నెలలు వచ్చేసరికి చాలా పిల్లలు తెల్లారేదాకా పడుకుంటాయి.

టెన్షన్ పడేవాళ్లకు నేను చెప్పేది, కొలవమని. పొద్దున గిన్నెలో కొలిచి పోయండి, మధ్యలో గిన్నెలో కలిపిన నీళ్లూ రాసుకోండి, మర్నాడు పొద్దున మిగిలిన నీళ్లను ఆ లెక్కలోంచి తీసేయండి. పెద్ద కుక్కకు రోజుకు కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి, ఎదిగే పిల్లకు అంతకంటే ఎక్కువే. అయిదు కిలోల పిల్ల 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా తాగితే కంగారు అక్కర్లేదు. రోజూ కిలోకు 100 మిల్లీలీటర్లు దాటుతుంటే గిన్నె తీయకుండా, రాసుకున్న లెక్క పట్టుకుని వెట్ దగ్గరికి వెళ్లండి. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, పుట్టుకతో వచ్చే కిడ్నీ లోపం, డయాబెటిస్ లాంటివి ఉండొచ్చు. మాటిమాటికీ కూర్చుని నాలుగు చుక్కలే పోస్తున్నా, ముక్కుతున్నా, రక్తం కనిపించినా, పడుకున్నచోటే తడిసిపోతున్నా ఆగకండి. ఇలాంటి పిల్లకు నీళ్లు ఆపితే ఒళ్లు ఎండిపోయి ప్రాణం మీదకు వస్తుంది. చిగుళ్లు తడిగా, జారుడుగా ఉండాలి. వేలికి జిగటగా తగిలితే నీళ్లు తక్కువైనట్టే.

అందులోనూ మనం ఉన్నది టెక్సాస్‌లో. జూలైలో రాత్రి ఎనిమిదింటికి కూడా బయట 35 డిగ్రీల సెల్సియస్ ఉండే రోజులుంటాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూ నోటి తడిని ఆవిరి చేసుకునే చల్లబడుతుంది. ఆ తడి నీళ్ల నుంచే రావాలి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న టెక్సాస్ చట్టం ప్రకారం బయట కట్టేసిన కుక్కకు నీడ, తాగే నీళ్లు ఉండి తీరాలి. ఫెడరల్ లైసెన్సుతో కుక్కల్ని అమ్మకానికి పెంచే బ్రీడర్ల దగ్గర కుక్కలకు మంచినీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలని, వెట్ వద్దంటేనే ఆపాలని 2020లో నిబంధన మార్చారు. ఇండియాలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ పెంపుడు జంతువుకు చాలినంత తిండి, నీళ్లు ఇవ్వకపోవడాన్ని నేరమంటుంది. అమ్మకానికి పెంచేచోట దొరికిన నీళ్లు మన ఇంట్లో అడుగుపెట్టాక దొరకకపోతే ఎలా? ఎండాకాలం వస్తే చలివేంద్రాలు పెట్టే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం.

మన తెలుగు సంఘానికి ఒక విన్నపం. తిరుపతి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీల్లో చదివి, ఇక్కడి పరీక్షలు రాసి ప్రాక్టీసు చేస్తున్నవాళ్లు మన తెలుగువాళ్లలో ఉన్నారు. ఏటా పెట్టే ఆరోగ్య సదస్సులో వాళ్లకో గంట ఇవ్వండి. పెంపుడు జంతువుల గురించి తెలుగులో మాట్లాడితే మన పెద్దవాళ్లు కూడా అడగాల్సినవి అడుగుతారు. చాలా ఇళ్లకు కుక్కపిల్ల వచ్చేది స్కూలు సెలవులు మొదలయ్యాకే కాబట్టి ఆ గంట మే నెలలోనే పెడితే బాగుంటుంది. వేసవి పిక్నిక్‌లో మనుషుల మంచినీళ్ల డబ్బాల పక్కనే, నీడలో, కుక్కలకూ రెండు గిన్నెలు పెట్టించండి. వాటిని నింపే పని మా ఇంటివాళ్లం చూసుకుంటాం.