జర్మనీవాడు చెప్పులు కొన్నా అమెరికా మీద కుట్రే

జర్మనీలో ఒకడు రొట్టె కొనుక్కుంటే 7 శాతం, చెప్పులు కొనుక్కుంటే 19 శాతం పన్ను కడతాడు. ఎందుకు కడుతున్నావురా అబ్బాయ్ అని అడిగితే రోడ్లు, బళ్ళు, పింఛన్లు అని ఏదో చెబుతాడు. పాపం, వాడికి తెలీదు. వాడు చెప్పులు కొన్న ప్రతిసారీ అమెరికా సరుకు మీద ఒక రాయి విసురుతున్నాడు. వాళ్ళ నాన్నకీ తెలీదు. అక్కడ 1968 నుంచి ఈ వ్యాట్ (సరుకుకి కలిసిన విలువ మీద వేసే పన్ను) కడుతూనే ఉన్నారు, అది యుద్ధమని 2025 ఫిబ్రవరి దాకా ఒక్కడూ చెప్పలేదు.

చెప్పింది ట్రంప్ గారు. 2025 ఫిబ్రవరి 13న సంతకం పెట్టిన ప్రతీకార సుంకాల పత్రంలో, మిగతా దేశాలు అమెరికాకి చేస్తున్న అన్యాయాల వరసలో వ్యాట్‌ని కూడా పేరు పెట్టి మరీ చేర్చారు. తర్వాత రెండు రోజులకే, ఇది సుంకం కన్నా ఘోరం కాబట్టి సుంకంతో సమానంగానే లెక్కేస్తామన్నారు. ఏప్రిల్‌లో సోషల్ మీడియాలో ఎనిమిది రకాల మోసాల జాబితా ఒకటి పెట్టారు, అందులో వ్యాట్‌ది రెండో స్థానం. జపాన్ వాళ్ళు కార్ల మీద బౌలింగ్ బంతి వేసి పరీక్షిస్తారన్న ఆరోపణ ఆరో స్థానంలో ఉంది. అంటే బంతి వేసి కారు సొట్ట పెట్టడం కన్నా, దుకాణంలో బిల్లు ఇచ్చి పన్ను తీసుకోవడం పెద్ద నేరమన్నమాట. నాకు అభ్యంతరం లేదు. పెద్దవాళ్ళు చెప్పినప్పుడు వినాలి. కాకపోతే నాకు చిన్నప్పటి నుంచీ లెక్కలంటే కొంచెం అనుమానం, వేసి చూసుకుంటే గానీ నిద్ర పట్టదు.

వేశాను. 2025 మొదట్లో ఉన్న రేట్ల ప్రకారం, 30,000 యూరోల జర్మన్ కారు జర్మనీలో అమ్మితే 19 శాతం వ్యాట్ కలిపి 35,700 అవుతుంది. అదే 30,000 యూరోల అమెరికా కారు ఓడ దిగితే ముందు 10 శాతం కస్టమ్స్ సుంకం, 33,000. దాని మీద వ్యాట్, 39,270. తేడా 3,570. దొరికారు దొంగలు! అయితే ఆ సుంకం ఒక్కటీ తీసేసి మళ్ళీ లెక్కేస్తే రెండు కార్లూ 35,700 దగ్గరే ఆగుతున్నాయి. పోనీ వ్యాట్ తీసేసి సుంకం ఉంచి చూస్తే తేడా 3,000. సుంకం మీద కూడా పన్ను వేస్తున్నారు కాబట్టి 570 యూరోలు పెరుగుతున్నాయి గానీ, ఏ కారు ఎంత ఎక్కువ అని శాతంలో చూస్తే అప్పుడూ పదే, ఇప్పుడూ పదే. నాలుగుసార్లు వేశాను, క్యాలిక్యులేటర్ మార్చి కూడా వేశాను. క్యాలిక్యులేటర్లు రెండూ చైనావే, కాబట్టి వాటి సాక్ష్యం చెల్లదని ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఇంకో చిక్కుంది. బీఎండబ్ల్యూ ఎక్స్5 తయారయ్యేది మ్యూనిక్‌లో కాదు, అమెరికాలోని సౌత్ కరోలినాలో, స్పార్టన్‌బర్గ్ దగ్గర. అమెరికా నుంచి విలువ లెక్కన ఎక్కువ కార్లు ఎగుమతి చేసే కంపెనీల్లో ముందుండేది కూడా ఈ జర్మన్ కంపెనీయే. ఆ ఎక్స్5ని జర్మనీలో అమ్మినా 19 శాతమే, మ్యూనిక్‌లో చేసిన కారు మీదా 19 శాతమే. అంటే జర్మనీ ప్రభుత్వం 1968 నుంచి ఓపిగ్గా కూర్చుని, బీఎండబ్ల్యూని ఆపడానికి బీఎండబ్ల్యూ చుట్టూ కంచె వేస్తోంది. శత్రువు ఎంత తెలివైనవాడో చూడండి, మనకి అనుమానం రాకుండా తననే ముందు కొట్టుకుంటున్నాడు.

ఈ కుట్ర పుట్టింది 1954లో, ఫ్రాన్సులో. మోరిస్ లోరే అనే పన్నుల అధికారి దీనికి రూపం ఇచ్చాడు. అప్పటిదాకా సరుకు చేతులు మారిన ప్రతిచోటా పన్ను మీద పన్ను పేరుకుపోయేది, ఎవడు కలిపిన విలువకి వాడే పన్ను కడితే చాలు, ముందువాడు కట్టింది మినహాయించుకోవచ్చు అన్నాడాయన. ఇప్పుడు 170కి పైగా దేశాల్లో ఇదే పద్ధతి. ఇన్ని దేశాలు ఒక్క మాట మీద నిలబడటం ఐక్యరాజ్యసమితిలో కూడా కనబడదు, కాబట్టి కుట్రే అయి ఉండాలి. ఎవరికి అమెరికా అంటే ఎంత ద్వేషమో కూడా రేటు చూసి చెప్పేయొచ్చు. లక్సెంబర్గ్ 17 శాతం, పైపై కోపం. డెన్మార్క్ 25, గట్టి పగ. యూరప్ యూనియన్‌లో అందరికన్నా ఎక్కువ 27 శాతం వేస్తున్నది హంగరీ. 2025లో అక్కడి ప్రధాని ఓర్బాన్, ట్రంప్ గారికి యూరప్ మొత్తంలో అంతకన్నా ఆప్తుడు లేడు. ఇక్కడ నా సిద్ధాంతం కొంచెం కుంటుతోంది, ముందుకి వెళ్ళిపోదాం.

మా బావ డల్లాస్‌లో ఉంటాడు. ఈ విషయం చర్చిద్దామని ఫోన్ చేస్తే, ఆ పూటే ఇండియన్ స్టోర్‌లో ప్రెషర్ కుక్కర్ కొని ఉన్నాడు.

"పన్నెంత పడింది బావా?"

"8.25 శాతం. ఇక్కడ దేని మీదైనా అంతే కదా. ఇంట్లో వండుకునే సరుకుల మీద ఉండదు, కుక్కర్ మీద ఉంటుంది."

"మన కుక్కర్ మీద అమెరికా 8.25 శాతం వాణిజ్య అడ్డంకి పెట్టింది, నీకు అర్థమవుతోందా?"

"ఒరే, పక్కనే అమెరికాలో చేసిన పెనం ఉంది. దాని మీదా అంతే."

"జర్మనీవాడూ అదే అంటున్నాడు బావా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అన్నం తిన్నావా?" అన్నాడు.

విషయం తేలిగ్గా తీసుకున్నాడు గానీ, ఆలోచించండి. అమెరికాలో 45 రాష్ట్రాలు ఈ సేల్స్ ట్యాక్స్ వసూలు చేస్తాయి. వ్యాట్ మెట్టుమెట్టుకీ కొంచెం కొంచెంగా వసూలు చేస్తే, ఇది చివరి కౌంటర్ దగ్గర ఒకేసారి లాగుతుంది, కొనేవాడి జేబుకి తేడా ఏమీ తెలీదు. కొత్త సిద్ధాంతం ప్రకారం ఆ 45 రాష్ట్రాలూ మన కుక్కర్ మీద కత్తి కట్టినట్టే. ఒరెగాన్, మోంటానా, డెలావేర్, న్యూ హాంప్‌షైర్‌లలో ఆ పన్ను లేదు, అలాస్కాలో రాష్ట్రం వెయ్యదు. ప్రపంచంలో స్వేచ్ఛా వాణిజ్యం మిగిలింది ఆ ఐదు చోట్లేనని, అందులోనూ ఒకటి మంచులో ఉందని గమనించగలరు.

ఎగుమతి చేసేటప్పుడు వ్యాట్ వెనక్కి ఇచ్చేస్తున్నారు, అది దొంగచాటు సబ్సిడీ అన్నది ఇంకో ఆరోపణ. టెక్సాస్‌లో తయారైన సరుకు హైదరాబాద్ వస్తే టెక్సాస్ కూడా దాని మీద సేల్స్ ట్యాక్స్ వెయ్యదు, ఎందుకంటే వాడేది ఇక్కడ, పన్ను కట్టాల్సిందీ ఇక్కడే. ఎగుమతి మీద ఇలా వదిలేసే పన్ను సబ్సిడీ కాదని ప్రపంచ వాణిజ్య సంస్థ సబ్సిడీల ఒప్పందంలో మొదటి ఫుట్‌నోటే చెబుతోంది, దాన్ని ఒప్పుకున్న దేశాల్లో అమెరికా కూడా ఉంది. అయినా రిఫండ్‌ని సబ్సిడీ అంటే మా వైపు ఎగుమతిదారులు నవ్వుతారో ఏడుస్తారో చెప్పలేను. 2017 జులైలో మన దగ్గర వ్యాట్ తరహా పన్నే అయిన జీఎస్టీ వచ్చిన కొత్తల్లో రిఫండ్లు నెలల తరబడి ఇరుక్కుపోయి, సొంత డబ్బు వెనక్కి రావడానికి వాళ్ళు బయట వడ్డీకి తెచ్చుకున్న రోజులున్నాయి. సబ్సిడీ ఇలా ఉంటుందని అప్పుడు వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఇంతకీ 2016లో అమెరికాలోనే రిపబ్లికన్ నాయకులు పాల్ ర్యాన్, కెవిన్ బ్రాడీ కలిసి, దిగుమతుల మీద పన్ను పడేలా, ఎగుమతుల మీద పడకుండా ఒక పథకం తయారు చేశారు. అచ్చంగా వ్యాట్ కాదు గానీ సరిహద్దు దగ్గర చేసే పని అదే. దిగుమతి సరుకు అమ్ముకునే పెద్ద పెద్ద దుకాణాల కంపెనీలు గగ్గోలు పెట్టేసరికి 2017 జులైలో దాన్ని అటకెక్కించారు. పక్కవాడి ఇంట్లో ఉంటే కుట్ర, మన అటక మీద ఉంటే సంస్కరణ.

ఇప్పుడు నవ్వు కాస్త పక్కన పెట్టి ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే నేనూ ఆ ఎనిమిది మోసాల జాబితాలాగే తయారవుతాను. దేశం లోపలి పన్ను నిజంగానే గోడగా మారిన సందర్భాలున్నాయి. జపాన్‌లో వాళ్ళ సొంత మద్యం షోచు మీద పన్ను తక్కువ, విస్కీ, వోడ్కాల మీద ఎక్కువ వేసేవాళ్ళు. పేరుకి విదేశీ అన్న మాట ఎక్కడా లేదు, కానీ దెబ్బ పడేది విదేశీ సీసాకే. 1996లో ప్రపంచ వాణిజ్య సంస్థ జపాన్‌ది తప్పని తేల్చింది. గీత ఎక్కడ గీశారన్నదే అసలు కిటుకు.

మన గీత కూడా చూద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బైకుల మీద జీఎస్టీ 18 శాతం, దాటితే 40. మన కంపెనీలు లక్షల్లో అమ్ముకునే బళ్ళన్నీ గీతకి ఈ పక్కన హాయిగా స్టాండ్ వేసుకుని ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చే హార్లీ మొత్తం ఆ పక్కన. వాషింగ్టన్‌లో ఎవరైనా ఓపిగ్గా కూర్చుని ఈ పాయింట్ లాగితే మనవాళ్ళు కాస్త నీళ్ళు నమలాల్సిందే. అయితే చెన్నై దగ్గర తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 కూడా 40 కడుతోంది, హీరో వాళ్ళు రాజస్థాన్‌లో చేసే హార్లీ ఎక్స్440 కూడా 40 కడుతోంది. హార్లీని ఆపడానికి హార్లీనే కొడుతున్నాం. జర్మనీ పద్ధతి మనకీ బాగానే పట్టుబడింది.

గోడ కావాలంటే మన దగ్గర మంచి గోడలే ఉన్నాయి. వాషింగ్టన్ ఆపిల్ మీద 2025లో మన కస్టమ్స్ సుంకం 50 శాతం, జీఎస్టీ సున్నా. అడ్డంకి అని పేరుపెట్టి పిలవాల్సినది రేవులోనే నిలబడి ఉంటే, జాబితా రాసినవాళ్ళు దాన్ని దాటుకొచ్చి కిరాణా కొట్టు బిల్లులో వెతుకుతున్నారు.

ఇంకోటి అసలు ఏ జాబితాలోనూ లేదు. మొన్న ఇంటికి కొళాయిలు కొనడానికి ఒక షాపుకి వెళ్ళాను. షాపాయన చాలా మర్యాదగా "బిల్లుతోనా, బిల్లు లేకుండానా సార్?" అని అడిగాడు. ఈ ఒక్క ప్రశ్న ముందు ఫ్రాన్సు లోరే గారి సిద్ధాంతం మొత్తం చేతులు కట్టుకుని నిలబడాలి. సవ్యంగా దిగుమతైన కొళాయి మీద ఓడరేవులోనే సుంకం, ఆ పైన జీఎస్టీ, అన్నీ ముందే లాగేస్తారు, అది తప్పించుకోలేదు. ఏ ఊరిదో తెలియని స్వదేశీ కొళాయికి మాత్రం తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో రాసిన చిట్టీ చాలు. రేటు కాగితం మీద ఇద్దరికీ ఒకటే, కట్టేది ఒకడు. వ్యాట్ వాణిజ్య అడ్డంకిగా పనిచేసే చోటు ఏదైనా ఉందంటే అది ఆ చిట్టీ. అమెరికా వాణిజ్య ప్రతినిధి గారు ఎప్పుడైనా మన హార్డ్‌వేర్ బజారుకి వస్తే ఈ విషయం విన్నవించుకుందామని ఉంది. (నేను బిల్లుతోనే కొన్నాను. ఇది వ్యాసం కాబట్టి రాస్తున్నాను.)

ఫిబ్రవరిలో ఈ వాదన మొదలయ్యాక 2025 ఏప్రిల్ 2న దేశాల వారీగా సుంకాల పట్టిక వచ్చింది. వ్యాట్‌ని ఎలా కొలిచారా అని ఆశగా చూశాను. అమెరికాకి ఆ దేశంతో సరుకుల్లో ఉన్న లోటుని ఆ దేశం నుంచి దిగుమతులతో భాగించి, వచ్చినదాన్ని సగం చేశారు. మనకి 52 వచ్చింది, 26 వేశారు. ఐదో తరగతి భాగహారం! జీఎస్టీ రేటు 5 ఉన్నా 40 ఉన్నా ఆ లెక్కలో చోటే లేదు. బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడం మనకే వచ్చనుకున్నాను. ఆ ఏడాది ఆగస్టు చివరికి మన మీద సుంకం 50 శాతానికి చేరింది. ఆ దెబ్బ తగిలింది భీమవరం వైపు రొయ్యల చెరువు రైతుకి. ఆయన చెరువు గట్టు మీద నిలబడి ఇవాళ 100 కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్య) ధర ఎంత అని ఫోన్‌లో అడుగుతుంటే, యూరప్ వ్యాట్ వల్ల అని ఎలా చెప్పడం? ఆయన అమ్మేది రొయ్య. కొనేది అమెరికా. మధ్యలో జర్మనీవాడి చెప్పులు ఎక్కడివి?

ఈ వ్యాసం రాస్తుండగా బావ మళ్ళీ ఫోన్ చేశాడు. బాగా ఆలోచించినట్టున్నాడు.

"నువ్వన్నది నిజమేరా. 8.25 శాతం ఎందుకు కట్టాలి? ఈసారి అమ్మ వస్తోంది కదా, చిన్న కుక్కర్ ఒకటి, ఇడ్లీ పాత్ర ఒకటి, ఇంకా ఏవైనా పడితే అవి సూట్‌కేసులో పెట్టి పంపెయ్."

రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. అత్తయ్య అప్పుడే ఆవకాయకి 9 కిలోలు రిజర్వు చేసేసింది.