ఆ పన్నెండు పదాలు ఏ లింకులోనూ కొట్టొద్దు

"మీ క్రిప్టో వాలెట్ ఓపెన్ కావడం లేదా? కంగారు పడకండి, ఈ 8 పనులు చేస్తే మీ డబ్బు మీకే" అని మొదలయ్యే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది. రొయ్యల రైతుల గ్రూపులో వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ల లెక్క మధ్యలో వచ్చింది. ఒంగోలులో ఉండే మా బావ నాకే పంపించి, "నీ షాపుకొచ్చేవాళ్లకి పనికొస్తుంది చూడు" అన్నాడు. నేను నెల్లూరులో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసి బతుకుతున్నా. ఈ మెసేజ్ నమ్మి మునిగినవాళ్లు చివరికి వచ్చేది నాలాంటి షాపులకే. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు రాస్తున్నా. పన్నెండు పదాలంటే, వాలెట్ పెట్టుకునేటప్పుడు యాప్ ఇచ్చే ఇంగ్లిష్ పదాలు. అవే దాని తాళంచెవి, అవి ఎవరి చేతికి పోతే డబ్బు వాళ్లదే.

ఎనిమిదో పాయింటు, "ఈ మెసేజ్ పది గ్రూపులకు పంపితే రికవరీ త్వరగా అవుతుంది" అన్నది. దీనికి జవాబు అక్కర్లేదు.

రెండో పాయింటు: "బ్యాలెన్స్ సున్నా చూపిస్తే వాలెట్ హ్యాక్ అయినట్టే." తప్పు. నా దగ్గరికి "పోయింది" అని వచ్చే వాలెట్లలో చాలావాటిలో డబ్బు పోయి ఉండదు, కనపడకుండా ఉంటుంది, అంతే. ట్రస్ట్ వాలెట్ లాంటి వాటిలో కొన్ని టోకెన్లను, అంటే క్రిప్టో నాణేల రకాలను, లిస్టులో మనమే ఆన్ చేసుకోవాలి. చెయ్యకపోతే సున్నానే చూపిస్తుంది. యూఎస్‌డీటీ (డాలరుకి సమానంగా ఉండే టోకెన్) బీఎన్‌బీ చైన్ అనే నెట్‌వర్క్‌లో వచ్చి ఉంటుంది, మనం ట్రాన్ అనే ఇంకో నెట్‌వర్క్ కింద వెతుకుతుంటాం. కొత్త ఫోన్లో వేరే కంపెనీ వాలెట్ దించుకుని అవే పదాలు కొడితే, ఆ యాప్ ఇంకో డెరివేషన్ పాత్ (పదాల్లోంచి అడ్రస్‌ని, అంటే ఖాతా నంబరు లాంటిదాన్ని, పుట్టించే దారి) పట్టుకుని పోయి ఖాళీ అడ్రస్ చూపిస్తుంది. బిట్‌కాయిన్ వాళ్లకి ఇది మరీ ఎక్కువ. పాత అడ్రస్ 1తో మొదలై ఉంటుంది, కొత్త యాప్ బీసీ1తో మొదలయ్యేది చూపిస్తుంది. రెండూ ఆ పదాల్లోంచి పుట్టినవే. ఎప్పుడో ఆ పదాలకి అదనంగా పాస్‌ఫ్రేజ్ అనే సొంత రహస్య మాట పెట్టుకుని ఇప్పుడు అందులో ఒక్క అక్షరం తేడాగా కొట్టినా తప్పు అని చెప్పదు, నిశ్శబ్దంగా ఇంకో ఖాళీ వాలెట్ తెరుస్తుంది.

అందుకని ముందు పాత అడ్రస్ వెతకండి. ఎవరికైనా డబ్బు పంపమని అడిగినప్పుడు వాట్సాప్‌లో పెట్టుంటారు, లేదా ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే కంపెనీ) విత్‌డ్రాయల్ హిస్టరీలో ఉంటుంది. సున్నా ఎక్స్‌తో మొదలైతే ఈథర్‌స్కాన్‌లోనో బీఎస్‌సీస్కాన్‌లోనో, టీతో మొదలైతే ట్రాన్‌స్కాన్‌లోనో వేసి చూడండి, ఇవి ఏ అడ్రస్‌లో ఎంతుందో ఎవరికైనా చూపించే సైట్లు. డబ్బు అక్కడ ఉంటే అది ఉన్నట్టే. ఇక మిగిలింది యాప్‌కి సరైన దారి చూపించడం. అడ్రస్ ఎవరు చూసినా నష్టం లేదు, మీ బ్యాలెన్స్ తెలుస్తుందంతే.

మొదటి పాయింటు "యాప్ డిలీట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి" అని. పదాలు రాసిపెట్టుకున్నవాడు చేసుకోవచ్చు. రాసుకోనివాడికి, లేదా రాసిన కాగితం ఎక్కడుందో తెలియనివాడికి, ఆ ఫోన్లో ఉన్న యాప్ ఒక్కటే ఆధారం. పాస్‌వర్డ్ మర్చిపోయినా, తెర తెల్లగా ఆగిపోయినా, తాళంచెవులు ఇంకా ఆ ఫోన్ లోపలే ఉంటాయి. అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే అవీ పోతాయి. ఈ సలహా రాసినవాడికి ఇది తెలియదని నేననుకోను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఐదో పాయింటు, "పాత ఫోన్ అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు, పాత ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టించొద్దు" అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నా షాపులో నేను రోజూ మొత్తుకునేదీ ఇదే. ల్యాప్‌టాప్‌లో మెటామాస్క్ అనే వాలెట్ వాడినవాళ్ల పదాలు, వాళ్ల పాస్‌వర్డ్‌తో తాళం వేసిన ఒక ఫైల్‌లో, క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డర్‌లో కూర్చుని ఉంటాయి. ఆ పాస్‌వర్డ్ గుర్తుంటే కాగితం పోయినా పదాలు బయటికి తియ్యొచ్చు. వేల్స్‌లో న్యూపోర్ట్‌కి చెందిన జేమ్స్ హోవెల్స్ 2013లో ఒక పాత హార్డ్ డిస్క్ చెత్తలో పారేశాడు, దాంట్లో దాదాపు 8000 బిట్‌కాయిన్ల తాళాలున్నాయి. ఆ చెత్తకుప్ప తవ్వుకోనివ్వమని ఊరి కౌన్సిల్‌తో ఏళ్ల తరబడి పోరాడి కోర్టుకెక్కాడు. 2025 జనవరిలో కేసు కొట్టేశారు. కాబట్టి ఈ ఒక్క లైను వరకు ఆ మెసేజ్ రాసినవాడితో నాకు గొడవ లేదు. నా అనుమానమల్లా ఒకటే. ఈ ఒక్క నిజం పెట్టింది, మిగతావి కూడా నమ్మించడానికే.

ఇప్పుడు మూడో పాయింటు. ఈ మెసేజ్ పుట్టిందే దీనికోసం. "కింది లింకులో మీ 12 పదాలు ఎంటర్ చేసి వాలెట్‌ను వాలిడేట్ చేయండి. సర్వర్‌తో సింక్ అయ్యాక బ్యాలెన్స్ కనిపిస్తుంది."

వాలిడేట్ చేసే సర్వర్ ఎక్కడుంది? ఎవరిది? మెటామాస్క్ వాళ్లకి కూడా మీ పదాలు తెలియవు, మేం ఎప్పుడూ అడగం అని వాళ్లే పదే పదే చెప్తారు. బ్లాక్‌చెయిన్‌కి, అంటే లావాదేవీలన్నీ రాసి ఉండే ఉమ్మడి ఖాతా పుస్తకానికి, మీ పదాలతో సింక్ అవ్వాల్సిన అవసరం ఏ రోజూ లేదు. దొంగచేతికి తాళంచెవి ఇచ్చి, నా తాళం పనిచేస్తోందా చూడన్నా అని అడిగినట్టుంది ఈ సలహా.

ఆ లింకు నేను షాపులో పక్కన పడేసిన ఖాళీ ఫోన్లో తెరిచి చూశా. పేజీ చాలా నీటుగా ఉంది. వాలెట్ల బొమ్మలన్నీ వరసగా ఉన్నాయి, మీది ఏదో నొక్కమంటుంది. నొక్కితే చక్రం తిరుగుతుంది. కాసేపటికి ఎర్ర అక్షరాల్లో "కనెక్షన్ విఫలమైంది" అని వస్తుంది. ఏది నొక్కినా విఫలమే, ఎందుకంటే అది అసలు దేనికీ కనెక్ట్ కాదు. దాని కింద "మాన్యువల్‌గా కనెక్ట్ చేయండి" అని బటన్. అది నొక్కితే పన్నెండు గడులు. నేను నోటికొచ్చిన ఇంగ్లిష్ మాటలు కొట్టా. "విజయవంతం, 24 గంటలు ఆగండి" అంది. ఆ 24 గంటలు మనం ఫోన్ పక్కన పెట్టి నిమ్మళంగా ఉండాలని. దొంగకి కావాల్సింది అంత టైం కూడా కాదు.

ఇందుకూరుపేట వైపు నుంచి రొయ్యల సాగు చేసే ఒక పెద్దాయన వచ్చాడు. కొడుకు బయటి రాష్ట్రంలో ఉంటాడు, పంట డబ్బులో కొంత యూఎస్‌డీటీలో పెట్టమని చెప్పి వాలెట్ పెట్టించాడు. అది సున్నా చూపిస్తోందని ఈయన గ్రూపులో వచ్చిన లింకు నొక్కి పదాలు కొట్టాడు. "అబ్బయ్యా, నిన్నటిదాకా దుడ్లు కనపడకుండా ఉండాయి, ఇప్పుడు నిజంగానే ల్యాకుండా పొయ్యాయా?" అని అడిగాడు. బీఎస్‌సీస్కాన్ తెరిచి చూపించా. ఆయన పదాలు కొట్టానని చెప్పిన వేళకే యూఎస్‌డీటీ మొత్తం ఒక్క దెబ్బన ఇంకో అడ్రస్‌కి వెళ్లిపోయింది. అంటే ఆయన పదాలు కొట్టేదాకా అది అక్కడే, క్షేమంగా ఉంది. సున్నా చూపించింది లిస్టులో టోకెన్ ఆన్ చెయ్యకపోవడం వల్ల.

ఇంకో టోకెన్ కొంచెం మిగిలి ఉంది. దాన్నయినా తీసుకుందామంటే పంపడానికి ఫీజుకి బీఎన్‌బీ (ఆ చైన్ సొంత నాణెం) లేదు. మనిషి ఆగలేకపోయాడు. కొడుకుకి ఫోన్ చేసి కాస్త బీఎన్‌బీ వేయించాడు. వచ్చినట్టు తెరమీద కనపడింది, మేమిద్దరం చూస్తుండగానే మాయమైంది. అవతల కూర్చున్నది మనిషి కాదు. ఆ అడ్రస్‌కి పైసా వచ్చినా లాగేసుకునేట్టు రాసిపెట్టిన ప్రోగ్రామ్. ఆయన ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ మెసేజ్ ఆయనకి పంపింది ఆయన బామ్మర్దే, మంచి చేద్దామనే పంపాడు. "పోతే పొయ్యింది, నేను ఫార్వర్డే కదా చేసింది" అనేవాళ్లు ఒక్కసారి వచ్చి ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఆ మాట అనండి.

ఆరో పాయింటు కూడా దీనికి తోడబుట్టిందే: "మా రికవరీ నిపుణులను సంప్రదించండి, 100 శాతం గ్యారంటీ, 10 శాతం అడ్వాన్స్." పైన చెప్పిన దొంగతనం జరిగాక, ఏడుస్తున్నవాడి దగ్గర మిగిలింది కూడా ఊడ్చడానికి పెట్టిన రెండో వల ఇది. రికవరీ చేసేవాళ్లు లోకంలో అసలే లేరని నేననను. జో గ్రాండ్ అనే అమెరికా హార్డ్‌వేర్ నిపుణుడు పిన్ మర్చిపోయిన ట్రెజర్ అనే వాలెట్ డివైస్ ఒకదాన్ని తెరిచి దాదాపు 20 లక్షల డాలర్లు బయటికి తీశాడు, 2022లో ఆ వీడియో కూడా పెట్టాడు. కానీ ఆ డివైస్ ఆయన చేతిలో ఉంది, దాని పాత సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉంది. స్టెఫాన్ థామస్ సంగతి చూడండి. 7002 బిట్‌కాయిన్ల తాళం ఉన్న పెన్‌డ్రైవ్ పాస్‌వర్డ్ మర్చిపోయాడు, పది అవకాశాల్లో ఎనిమిది అయిపోయాయి. అంత డబ్బున్నవాడికి దొరకని 100 శాతం గ్యారంటీ, కావలిలో ఉన్న మీకు టెలిగ్రామ్‌లో దొరుకుతుందా?

కాగితంలో ఒక పదం చెరిగిపోతే మాత్రం ఆశ వదలొద్దు. వాలెట్లు పదాలు తీసుకునే జాబితాలో ఉన్నవి 2048 పదాలే. ఏ స్థానంలో పదం పోయిందో తెలిస్తే 2048 ప్రయత్నాలు, అందులో చెక్‌సమ్‌కి (పదాలు ఒకదానికొకటి సరిపోయాయో చూసే లెక్కకి) నిలిచేవి సుమారు 128. బీటీసీ రికవర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఈ పని చేస్తుంది. ఇంటర్నెట్ తీసేసిన కంప్యూటర్లో, మీ కళ్లముందు చేయించుకోవాలి. రెండు పదాలు పోతే దాదాపు 42 లక్షల జతలు, అదీ సాధ్యమే. పన్నెండూ పోతే 39 అంకెల సంఖ్య, దాన్ని ఎవడూ లెక్కపెట్టలేడు. ఒక్కోసారి ఇంత కూడా అక్కర్లేదు. మందుల షాపు బిల్లు వెనక బాల్‌పెన్నుతో పదాలు రాసుకున్న కాగితం ఒకటి తెచ్చారు, ఏ యాప్‌లో కొట్టినా చెల్లవంటోంది. ఏడో పదం "విమెన్" అని రాసి ఉంది. జాబితాలో ఉన్నది "ఉమన్" ఒక్కటే. ఒక అక్షరం మారిస్తే వాలెట్ తెరుచుకుంది. ప్రతి పదానికీ మొదటి నాలుగు అక్షరాలు వేరేగా ఉండేట్టు ఆ జాబితా చేశారు, కాబట్టి సగం చెరిగినా పట్టుకోవచ్చు.

నాలుగో పాయింటు: "ఆర్‌బీఐకి, సైబర్ క్రైమ్‌కి కంప్లైంట్ ఇస్తే 7 రోజుల్లో డబ్బు వాపసు." ఆర్‌బీఐ దగ్గర మీ తాళాలు లేవు. సైబర్ క్రైమ్ సంగతి వేరు. డబ్బు దొంగ చేతికి పోయి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయాల్సిందే. బ్యాంకు, యూపీఐ డబ్బు అయితే దారిలో ఆపగలరు. క్రిప్టో అయితే ట్రాన్సాక్షన్ హ్యాష్ (లావాదేవీ నంబరు), దొంగ అడ్రస్ రాసివ్వండి. వాడు దాన్ని కేవైసీ ఉన్న ఎక్స్ఛేంజ్‌కి పంపితే పోలీసులు ఆపించే అవకాశం ఉంది. ట్రాన్, ఈథీరియం నెట్‌వర్కుల్లో ఉన్న యూఎస్‌డీటీని అయితే దాన్ని జారీ చేసే టెథర్ కంపెనీ తన వైపు నుంచి స్తంభింపజేయగలదు. వారం గడువు మాత్రం ఎవరూ ఇవ్వలేరు. పాస్‌వర్డ్ మర్చిపోతే స్టేషన్‌కి వెళ్లి లాభం లేదు. ఎక్స్ఛేంజ్ అకౌంట్‌కి లాగిన్ కాకపోతే ఆ కంపెనీనే అడగాలి, అక్కడ పన్నెండు పదాల ఊసే ఉండదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజ్‌లో దాదాపు 23 కోట్ల డాలర్ల దోపిడీ జరిగి ఖాతాలు ఆగిపోయినప్పుడు కూడా, అందరినీ పదాలు అడిగే నకిలీ లింకుల్ని నమ్మినవాళ్లను చూశా.

ఏడోది, "పదాలు ఫొటో తీసి మీకు మీరే వాట్సాప్ చేసుకోండి." వద్దు. గ్యాలరీలో ఫొటోల్ని చదివి ఇలాంటి పదాలు వెతికే స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్‌ని కాస్పర్‌స్కీ 2025 ఫిబ్రవరిలో బయటపెట్టింది. గూగుల్ ప్లేలో, యాపిల్ స్టోర్‌లో ఉన్న యాప్‌లలోనే అది దొరికింది. కాగితం మీద రెండు చోట్ల రాసుకుని, బీరువాలో ఒకటి, ఇంకో ఇంట్లో ఒకటి పెట్టుకోండి.

ఈ పాటికే ఎవరైనా ఆ లింకులో పదాలు కొట్టి ఉంటే, 24 గంటలు ఆగొద్దు. వేరే ఫోన్లో కొత్త వాలెట్ చేసి, కొత్త పదాలు రాసుకుని, పాత దాంట్లో మిగిలిందంతా ఈ నిమిషమే అటు పంపండి. పెద్ద మొత్తం ముందు, చిల్లర తర్వాత. పాత అడ్రస్‌కి ఫీజు కోసం కూడా ఒక్క పైసా వెయ్యొద్దు. ఆ తర్వాత 1930కి ఫోన్ చేయండి, ఆ తర్వాత మీకు ఆ మెసేజ్ పంపినవాళ్లకి.