నిచ్చెన జరపొద్దు

జెరూసలేంలో ఒక నిచ్చెన ఉంది. మామూలు చెక్క నిచ్చెన, పొట్టిది. ఏసుక్రీస్తు సమాధి మీద కట్టిందని క్రైస్తవులు నమ్మే పవిత్ర సమాధి చర్చి ముందు గోడకి, ద్వారం పైనున్న అంచు మీద, ఒక కిటికీకి ఆనించి ఉంటుంది. 18వ శతాబ్దంలో గీసిన బొమ్మల్లో అది అక్కడే ఉంది. నిన్న ఏ టూరిస్టో తీసుకున్న సెల్ఫీలో కూడా అక్కడే ఉండి ఉంటుంది. దాన్ని ఎవరు పెట్టారో, ఏ పనికి పెట్టారో గట్టిగా చెప్పగలిగినవాళ్ళు లేరు. తీసి పక్కన పెట్టే అధికారం ఉన్నవాళ్ళు అసలే లేరు.

కారణం సులువే. ఆ చర్చిని ఆరు క్రైస్తవ శాఖలు పంచుకుంటున్నాయి. గ్రీకు ఆర్థడాక్సులు, కాథలిక్కులు, ఆర్మేనియన్లు, కాప్టులు (ఈజిప్టు క్రైస్తవులు), ఇథియోపియన్లు, సిరియన్లు. ఏ మూల ఎవరిది, ఏ దీపం ఎవరు వెలిగించాలి, ఏ మెట్టు ఎవరు ఊడవాలి అన్న లెక్కంతా 1852లో ఒట్టోమన్ సుల్తాన్ ఇచ్చిన ఫర్మానాతో ఎక్కడిదక్కడ గడ్డకట్టింది. దాన్ని ‘స్టేటస్ కో’ అంటారు. అందరూ ఒప్పుకుంటే తప్ప ఉమ్మడి స్థలంలో ఏదీ కదపకూడదు. ఆవగింజంత విశ్వాసముంటే కొండనైనా కదిలించవచ్చని బైబిల్లో ఉంది. నిజమే కావచ్చు. కొండ మీద ఆరు శాఖలకు ఉమ్మడి హక్కు లేదు కదా.

మతం వేరు, ప్రజాజీవితం వేరు, రెంటినీ కలపకూడదు అని వాదించే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ళను చూస్తే జాలేస్తుంది. మతమంటే మనిషికీ దేవుడికీ మధ్య వ్యవహారమని వాళ్ళు ఇంకా అనుకుంటున్నారు. ఆ వ్యవహారంలో దేవుడి పాత్ర ఎంత తక్కువో వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. అసలు పనంతా తాళాలది, తేదీలది, సరిహద్దులది, దరఖాస్తులది. వాటిని వదిలేసి ప్రజాజీవితం అని ఇంకేం మిగులుతుంది?

ముందు కుర్చీ సంగతి చెప్పాలి. అదే చర్చి పైకప్పు మీద కాప్టులకూ ఇథియోపియన్లకూ చిరకాలంగా తగాదా ఉంది. తమ హక్కు పోకుండా కాప్టిక్ సన్యాసి ఒకాయన అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. హోదాకు సన్యాసే కానీ చేసేది కబ్జా కాకుండా కాపలా. 2002లో ఒక వేసవి రోజున ఎండ మండిపోతుంటే ఆయన కుర్చీని కాస్త నీడలోకి జరిపాడు. అది నీడ కోసం కాదని, నేల కోసమని అవతలివాళ్ళకు అర్థమైంది. ఆ రోజు 11 మంది ఆసుపత్రిలో చేరారు. 2011లో బెత్లహేములో క్రీస్తు పుట్టిన చోటని చెప్పే చర్చిలో, క్రిస్మస్ శుభ్రత జరుగుతుండగా, గ్రీకు, ఆర్మేనియన్ మతగురువులు చీపుళ్ళతో కొట్టుకున్నారు. ఊడ్చేవాడిదే నేల అన్నది అక్కడి రూలు. దున్నేవాడిదే భూమి అన్న నినాదం విన్నాం కానీ, ఊడ్చేవాడి గురించి ఏ విప్లవకారుడూ ఆలోచించలేదు.

మరి ఇంతమంది గొడవపడే ఇంటికి తాళం ఎవరి దగ్గరుంటుంది? రెండు ముస్లిం కుటుంబాల దగ్గర, కొన్ని శతాబ్దాలుగా. ఒక కుటుంబం తాళంచెవి దాస్తుంది, రెండో కుటుంబం తలుపు తీస్తుంది. ఆరుగురు అన్నదమ్ములు ఒకరినొకరు నమ్మలేక ఇంటి తాళం పక్కింటాయనకు ఇచ్చినట్టు. తెల్లవారుజామున లోపల రాత్రంతా ఉన్న సన్యాసి తలుపులోని చిన్న కంతలోంచి ఒక నిచ్చెన బయటికి అందిస్తాడు. బయటాయన అది ఎక్కి పై తాళం తీస్తాడు. ఇది వేరే నిచ్చెనండోయ్, ఇది కదులుతుంది.

ప్రపంచంలో నాకు తెలిసిన మతసామరస్యాల్లో ఇదే గట్టిది. ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేకపోవడమే దీనికి పునాది.

తాళాలను తక్కువగా చూడకూడదు. 1847లో బెత్లహేము చర్చిలో క్రీస్తు పుట్టిన చోటును గుర్తు చేసే వెండి నక్షత్రం మాయమైంది. మీరే తీశారని కాథలిక్కులు ఆర్థడాక్సుల మీద పడ్డారు. కాథలిక్కుల వెనక ఫ్రాన్సు, ఆర్థడాక్సుల వెనక రష్యా జార్ నిలబడ్డారు. ఆ చర్చి తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది సుల్తాన్‌కు ప్రాణసంకటమైంది. ఒకరికి ఇస్తే ఇంకొకరు, ఇంకొకరికి ఇస్తే ఒకరు. చివరికి 1853లో మొదలై 1856 దాకా సాగిన క్రిమియా యుద్ధం దాకా వెళ్ళింది. లక్షల మంది చచ్చారు, ఎక్కువమంది తూటాలకు కాదు, రోగాలకు. అసలు కారణాలు వేరే ఉన్నాయి, నల్లసముద్రం దారి, ఒట్టోమన్ల బలహీనత, వగైరా అని చరిత్రకారులు అంటారు. ఆ మాట నిజమే. కానీ నల్లసముద్రం దారి కోసం చావమంటే సైనికుడు జీతం ఎంతని అడుగుతాడు. వెండి నక్షత్రం కోసమంటే అడగడు. ఖర్చు లెక్క తెలిసిన ఏ ప్రభుత్వమైనా ఈ తేడా గమనిస్తుంది.

ఇదంతా మతమున్నవాళ్ళ గొడవ, మేం హేతువాదులం, మాకేం సంబంధం అనేవాళ్ళు ఒకసారి గోడమీద క్యాలెండర్ వంక చూడండి. ఈస్టర్ పండగ లెక్క తప్పుతోందని 1582లో పోప్ 13వ గ్రెగరీ క్యాలెండర్‌ను సరిచేయించాడు. ఇటలీ, స్పెయిన్ వంటి చోట్ల జనం అక్టోబర్ 4న పడుకుని అక్టోబర్ 15న లేచారు. లెక్క సూర్యుడితో సరిపోయింది. సరిపోనిది ఒక్కటే, చెప్పినవాడు పోపు. అందుకని ఇంగ్లండు 170 ఏళ్ళ పాటు సూర్యుడితో విభేదించి, 1752లో 11 రోజులు వదులుకుని దారికొచ్చింది. రష్యా ఇంకా పట్టుదల గలది. పోపు తేదీలను అక్కడ అమలు చేసింది ఎవరంటే, 1918లో, దేవుడు లేడని చెప్పిన బోల్షివిక్కులు. దాంతో అక్టోబర్ విప్లవం వార్షికోత్సవం ఏటా నవంబర్ 7న వచ్చి పడింది.

బోల్షివిక్కులు ఊరుకునే రకం కాదు. తేదీలు ఎలాగూ తప్పలేదు, వారాన్నయినా మార్చేద్దామనుకున్నారు. 1929లో వారానికి ఐదే రోజులన్నారు. పనివాళ్ళను ఐదు రంగుల కింద విడగొట్టి ఒక్కో రంగుకు ఒక్కో రోజు సెలవిచ్చారు. యంత్రం ఆగదు, ఆదివారం ఉండదు, చర్చికి వెళ్ళే వీలుండదు. ఎంత తెలివి! తీరా చూస్తే భర్తది ఒక రంగు, భార్యది ఇంకో రంగు. ఒకే ఇంట్లో ఉంటూ సెలవు రోజున ఒకరి మొహం ఒకరు చూసుకోలేని సంసారాలు తయారయ్యాయి. 1931లో ఆరు రోజులకు మార్చారు. 1940లో నోరు మూసుకుని ఏడు రోజులకు తిరిగొచ్చారు, ఆదివారం సెలవుతో సహా. రష్యన్ భాషలో ఆదివారాన్ని ‘వస్క్రెసేనియె’ అంటారు. అంటే పునరుత్థానం. దేవుణ్ణి రద్దు చేసిన ప్రభుత్వం, ఆయన సమాధిలోంచి లేచిన రోజు పేరు పెట్టుకుని విశ్రాంతి తీసుకుంది.

వీళ్ళకు పోటీగా అమెరికా 1956లో ‘దేవుణ్ణి నమ్ముతాం’ అన్నది జాతీయ నినాదం చేసుకుని, మరుసటేడు నుంచి డాలరు నోటు మీద అచ్చేసింది. ఆ నమ్మకం రాయడానికి అంతకన్నా విలువైన కాగితం దొరకలేదు పాపం.

పోపుల మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. 1493లో పోప్ 6వ అలెగ్జాండర్ అట్లాంటిక్ సముద్రంలో ఒక గీత గీసి, అవతల కొత్తగా దొరికేదంతా స్పెయిన్‌దన్నాడు. పోర్చుగల్ అలిగింది. మరుసటేడు టోర్డెసిల్లాస్ ఒప్పందంలో గీతను పడమరకు జరిపారు. బ్రెజిల్ ఈనాటికీ పోర్చుగీసు మాట్లాడుతోందంటే ఆ జరపడమే మూలం. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు మనవాళ్ళు. ఇక్కడ అత్తకు తనకు సొమ్మున్నట్టూ తెలీదు, అల్లుడున్నట్టూ తెలీదు.

ఇక ఈ కాలపు ఆణిముత్యానికి వద్దాం. చైనా కమ్యూనిస్టు పార్టీ సభ్యుడికి మతవిశ్వాసం ఉండకూడదు. అదే చైనా ప్రభుత్వం 2007 సెప్టెంబర్ 1 నుంచి చనిపోయాక మళ్ళీ పుడతారని టిబెట్ బౌద్ధులు నమ్మే లామాల, అంటే వాళ్ళ మతగురువుల, పునర్జన్మకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. దరఖాస్తు చేసుకోవాలి, అది మెట్టుమెట్టుగా పైకి వెళ్ళాలి, పెద్ద లామా అయితే ఇంకా పైకి వెళ్ళాలి. అనుమతి లేని పునర్జన్మ చెల్లదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మనల్ని వెక్కిరించడానికి పుట్టిందనుకున్నాను. కాదు, అది పరిపాలనా విధానం.

అసలు తమాషా తర్వాత. నాతోనే ఈ పరంపర ఆగిపోవచ్చునేమో, మళ్ళీ పుట్టనేమో అని దలైలామా 2014లో అన్నాడు. తిరిగి పుట్టడాన్ని నమ్మని పార్టీ అధికారులకు కోపం వచ్చింది. ఇది టిబెట్ బౌద్ధాన్ని అవమానించడమేనని, సంప్రదాయం మీద గౌరవం లేదని ఆయన్నే తప్పుపట్టారు. చావుపుట్టుకలు ఆయన ఇష్టమా, ప్రభుత్వం ఇష్టమా? 2025లో 90వ పుట్టినరోజు ముందు ఆయన మాట మార్చి, పరంపర కొనసాగుతుందని, ఎవరన్నది తన ట్రస్టే తేలుస్తుందని ప్రకటించాడు. మా ఆమోదం లేకుండా కుదరదని బీజింగ్ వెంటనే గుర్తుచేసింది. మతాన్ని ఇంత శ్రద్ధగా, ఇంత నిష్ఠగా పట్టించుకునే నాస్తికులు ఉంటే ఇక ఆస్తికులతో పనేముంది?

ఓటుకు పెట్టడం ఇంతకన్నా మర్యాదైన పద్ధతి. 1949 అక్టోబర్ 17న భారత రాజ్యాంగ పీఠికను ‘దేవుని పేరిట’ అని మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ రాజ్యాంగ సభలో సవరణ తెచ్చాడు. దేవుడంటే ఎలా, దేవి అనాలి అని అస్సాం సభ్యుడు రోహిణీ కుమార్ చౌదరి లేచాడు. దేవుణ్ణి ఓటింగుకు పెట్టకండి అని సభలో బతిమాలారు. కామత్ వినలేదు. 41 ఓట్లు అనుకూలం, 68 వ్యతిరేకం. దేవుడు ఓడిపోయాడు. రీకౌంటింగ్ అడగలేదు, ఓటమిని హుందాగా స్వీకరించాడు. ఆ తర్వాత ఆయన పేరు చెప్పి పోటీ చేసినవాళ్ళెవరికీ ఆ హుందాతనం అబ్బలేదు.

నా వాదనకు అడ్డొచ్చే సంగతి ఒకటుంది. దాచేద్దామనుకున్నాను, మనసొప్పలేదు. 1978 డిసెంబర్‌లో దక్షిణ అమెరికా కొసన మూడు చిన్న దీవుల కోసం అర్జెంటీనా, చిలీ సైనిక నియంతలు యుద్ధానికి సిద్ధమయ్యారు. పోప్ రెండో జాన్ పాల్ ఒక ముసలి కార్డినల్‌ను పంపాడు. ఇద్దరు నియంతలూ కాథలిక్కులే, కాదనలేకపోయారు. చర్చలు ఏళ్ళ తరబడి నడిచాయి, 1984లో వాటికన్‌లో సంతకాలయ్యాయి. యుద్ధం జరగలేదు. జరగని యుద్ధానికి స్మారకస్తూపం కట్టరు, సినిమా తీయరు కాబట్టి ఈ సంగతి ఎవరికీ పెద్దగా తెలియదు. నక్షత్రం పోతే యుద్ధానికి వెళ్ళే నమ్మకమే ఇక్కడ తుపాకీ దించింది. ఇలాంటివి వ్యంగ్యం రాసేవాడి పొట్టకొడతాయి.

దేవుణ్ణి కోర్టుకు లాగినవాడు కూడా ఉన్నాడు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్ర సెనేటర్ ఎర్నీ చాంబర్స్ 2007లో దేవుడి మీద దావా వేశాడు. భూకంపాలు, వరదలు, తుఫానులతో జనాన్ని భయపెడుతున్నాడు కాబట్టి ఆయన్ను శాశ్వతంగా నిలువరించాలని కోరాడు. కోర్టు తలుపులు ఎవరికైనా తెరిచి ఉండాలని చూపించడానికే వేశానన్నాడు. కొన్నాళ్ళకు దేవుడి తరఫున ఒక జవాబు కోర్టు గుమాస్తా బల్ల మీద ప్రత్యక్షమైంది. ఈ కోర్టుకు నా మీద అధికారపరిధి లేదన్నది అందులోని వాదన. సాక్షి ప్రధాన దేవదూత మైఖేల్. దేవుడంతటివాడు కూడా కేసు లోపలికి వెళ్ళకుండా ముందు జురిస్‌డిక్షన్ పాయింటే పట్టుకున్నాడంటే, ఆయనకు మంచి లాయరున్నాడనే అనుకోవాలి.

2008 అక్టోబర్‌లో జడ్జి దావా కొట్టేశాడు. ప్రతివాదికి నోటీసు అందించడానికి చిరునామా లేదన్నాడు. అన్నీ తెలిసినవాడికి ఈ దావా సంగతి మాత్రం తెలియదా, నోటీసు ఎందుకు అని చాంబర్స్ వాదించాడు. 

నాకైతే ఆ జడ్జి మీద గౌరవం కలిగింది. తాళం చేతిలో పెట్టుకున్నవాళ్ళు, చీపురు పట్టుకున్నవాళ్ళు, సముద్రం మీద గీత గీసినవాళ్ళు, పునర్జన్మకు ముద్ర కొట్టేవాళ్ళు, అందరికీ దేవుడు ఎక్కడుంటాడో, ఎవరి పక్షాన ఉంటాడో బాగా తెలుసు. ఆయన చిరునామా తమకు తెలియదని సంతకం పెట్టి ఒప్పుకున్న ప్రభుత్వోద్యోగి, నాకు దొరికినంతలో, ఆయనొక్కడే.