ఇంటర్వెల్ దాకా ఒక సినిమా, ఆ తర్వాత ఇంకోటి

ఆట వదిలాక పార్కింగ్‌లో బండి తీసేలోపు జనం ఇచ్చే తీర్పుల్లో ఈమధ్య ఎక్కువగా వినిపించేది ఒకటే: ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫే కాస్త ల్యాగ్.’ రివ్యూలు రాసేవాళ్లూ అదే మాట రాసి రెండుముప్పావు మార్కులు వేస్తారు. ఆ మాట వినగానే నిర్మాత కత్తెర వెతుక్కుంటాడు. రెండో రోజుకల్లా ‘పది నిమిషాలు ట్రిమ్ చేశాం’ అని పోస్టర్ పడుతుంది. అందరూ నిడివినే తిడుతున్నారు కానీ, గత రెండేళ్ల సినిమాలు వరసగా చూస్తే దోషం అక్కడ లేదు. సెకండాఫ్‌కు పట్టే జబ్బు చాలాసార్లు ఫస్టాఫ్‌లోనే, సరిగ్గా చెప్పాలంటే ఇంటర్వెల్ కార్డు పడే ముందు పావుగంటలో అంటుకుంటోంది.

ముందు నిడివి సంగతి తేల్చేద్దాం. 2024 డిసెంబర్ 5న వచ్చిన ‘పుష్ప 2’ 3 గంటల 20 నిమిషాలు. అది చాలదన్నట్టు 2025 జనవరి 17 నుంచి మరో 20 నిమిషాలు కలిపి ‘రీలోడెడ్’ అని మళ్లీ వేశారు, జనం మళ్లీ వెళ్లారు. ‘కల్కి 2898 ఏడీ’ మూడు గంటలు. శేఖర్ కమ్ముల ‘కుబేర’ కూడా ఆ గీత దాటిందే. మూడు గంటలు కూర్చోబెట్టినందుకు ఈ సినిమాలను ఎవరూ మధ్యలో వదిలిపోలేదు. రెండున్నర గంటలకే ‘ఇంకెంతసేపు’ అని ఫోన్‌లో టైమ్ చూసుకునేలా చేసిన సినిమాలూ ఇదే కాలంలో వచ్చాయి. గడియారం చెప్పే టైమ్ వేరు, కుర్చీకి తెలిసే టైమ్ వేరు.

ఒక పెద్ద సినిమాను విప్పి చూస్తే లెక్క ఇలా ఉంటుంది. మొత్తం 165 నిమిషాలనుకోండి. ఐదు పాటలకు ఇరవై నిమిషాలు, నాలుగైదు ఫైట్లకు పాతిక, హీరో నడిచొచ్చే స్లో మోషన్ షాట్లకు, టైటిళ్లకు ఇంకో పది. కథకు మిగిలేది 110 నిమిషాలు. అందులో సగం, అంటే ఓ యాభై అయిదు నిమిషాలు, ఇంటర్వెల్‌కు ముందు. ఆ యాభై అయిదులో మనుషుల్ని పరిచయం చేయాలి, గొడవ పెట్టాలి, ‘ఇంటర్వెల్ బ్యాంగ్’ దాకా తీసుకెళ్లాలి. ఆ బ్యాంగ్ మీదే పరిశ్రమకు మోజు. సమోసా కోసం లేచే ప్రేక్షకుడు ఒళ్లు జలదరించి లేవాలని, ఉన్న మందుగుండంతా అక్కడే పేల్చేస్తారు. తిరిగొచ్చి కూర్చునేసరికి చేతిలో బూడిదే మిగులుతుంది.

‘దేవర’లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2024 సెప్టెంబర్ 27న వచ్చిన ఈ సినిమాలో ప్రకాశ్ రాజ్ పాత్ర ఎర్ర సముద్రం అనే తీరపు ఊళ్ల కథ చెప్పడం మొదలుపెడుతుంది. దేవర ఆయుధాల దొంగరవాణా ఆపాలనుకోవడం, విలన్ భైరతో చెడటం, సముద్రపు ఒడ్డున రాత్రి పూట కుట్ర. తండ్రి తీరాన్ని ఎర్రగా చేసి మాయమయ్యేసరికి హాలు ఊగిపోతుంది. అక్కడితో దేవర కథలో ప్రేక్షకుడికి కావలసిందంతా దొరికేసింది. విరామం తర్వాత తెర మీదికి వచ్చేది భయస్తుడైన కొడుకు వర. వాడికి కొత్తగా పరిచయాలు, కొత్తగా ప్రేమ, జాన్వీ కపూర్ పాత్ర రావడం, ‘చుట్టమల్లే’ పాట. అంటే మొదటి గంటన్నరలో కట్టిన వేడిని పక్కనపెట్టి, పొయ్యి మళ్లీ పుల్లలతో రాజేయడం మొదలవుతుంది. ఈ భాగంలో సీన్లు విడివిడిగా చెడ్డవేమీ కావు. ఇవే ఫస్టాఫ్‌లో ఉంటే నవ్వుకుంటూ చూస్తాం. వచ్చిన చోటే తప్పు. వర నిజంగా పిరికివాడా కాదా అన్న అనుమానాన్ని ఇంటర్వెల్‌కు ముందే ఒక్క చూపుతోనైనా నాటి ఉంటే, తర్వాతి నలభై నిమిషాలూ అదే ప్రశ్న మోసుకుపోయేది. ఆ జవాబును చివరిదాకా దాచి, ఆపైన ఇంకో ప్రశ్న తగిలించి, రెండో భాగానికి రమ్మన్నారు.

‘గేమ్ ఛేంజర్’ది తిరగబడిన కేసు. 2025 జనవరి 10న వచ్చిన ఆ సినిమాను తిట్టినవాళ్లు కూడా హీరో తండ్రి అప్పన్న ఫ్లాష్‌బ్యాక్‌ను మెచ్చుకున్నారు. నత్తితో మాట్లాడే నాయకుడు, పార్టీని కట్టిన మనిషి, పక్కనున్నవాళ్లే వెన్నుపోటు పొడవడం. ఆ ముక్క అంత బాగుంది కాబట్టే మిగతా సినిమాకు ఇబ్బంది. ఇంటర్వెల్ దాటాక వచ్చే ఫ్లాష్‌బ్యాక్ అరగంట ఆడిందంటే, దాని నుంచి బయటికొచ్చేసరికి వర్తమానం చల్లబడి ఉంటుంది. అప్పన్నను చూసొచ్చిన ప్రేక్షకుడికి కలెక్టర్-మంత్రి ఎత్తులు పైఎత్తులు మళ్లీ మొదలైతే విస్తట్లో పాయసం అయ్యాక పప్పన్నం వడ్డించినట్టు ఉంటుంది. ఫ్లాష్‌బ్యాక్‌కు ఒక మొరటు కొలత చెప్పుకోవచ్చు: అది అయిపోయిన వెంటనే హీరో చేసే పని, ఫ్లాష్‌బ్యాక్ తెలియకముందు చేయలేనిదై ఉండాలి. తెలిసినా తెలియకపోయినా అదే ఫైట్ చేస్తాడంటే ఆ అరగంటను కథ వాడుకోలేదన్నమాట.

మరి ‘పుష్ప 2’ ఎందుకు నిలబడింది? కథ గట్టిదని కాదు. ముఖ్యమంత్రితో ఒక్క ఫొటో కావాలంది భార్య, కుదరదన్నాడాయన, అయితే ముఖ్యమంత్రినే మార్చేస్తానన్నాడు వీడు. పంతం చిన్నది, ఖర్చు కొండంత. సినిమా పొడుగునా ఆ పంతం చావలేదు. గంగమ్మ జాతర వచ్చేది సెకండాఫ్‌లో, పుష్పకు తండ్రివైపు వాళ్లు ఇంటి పేరు ఇవ్వని గొడవ తెగేది అక్కడికి ఇంకాస్త ముందుకు వెళ్లాకే. అంటే పెద్ద సీన్లను సుకుమార్ ఇంటర్వెల్ దగ్గర కుప్పపోయకుండా దారి పొడుగునా నాటుకుంటూ పోయాడు. లోపాలు లేవా అంటే బోలెడు. మొదట్లో జపాన్ రేవులో కంటైనర్ నుంచి దిగి చేసే ఫైట్ థియేటర్‌లో చూసినవాళ్లకు గాల్లో వేలాడుతూ మిగిలిపోయింది. క్లైమాక్స్ ఫైట్ అయిపోయాక పెళ్లి, ఆ తర్వాత మూడో భాగానికి లంకె అంటూ లేవబోయే జనాన్ని మళ్లీ కూర్చోబెట్టారు. అయినా ఆ మూడు గంటల్లో ‘ఇప్పుడు దేని కోసం చూస్తున్నాం’ అన్న సందేహం ప్రేక్షకుడికి రాలేదు. ల్యాగ్ అని పేరు పెట్టి మనం చెప్పేది ఆ సందేహం గురించే.

చిన్న సినిమాలు దీన్ని ఇంకా బాగా పట్టుకున్నాయి. వాటికి బ్యాంగ్ పెట్టే డబ్బు లేకపోవడమూ ఒక వరమేమో. 2025 మార్చి 14న వచ్చిన ‘కోర్ట్’ చూడండి. ఫస్టాఫ్‌లో పద్దెనిమిది నిండని అమ్మాయి, పంతొమ్మిదేళ్ల అబ్బాయి, పరువు అంటూ రగిలిపోయే అమ్మాయి బంధువు మంగపతి, ఆపైన పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు. కేసు దాదాపు చేజారిపోయిన స్థితిలో జూనియర్ లాయర్ సూర్యతేజ రంగంలోకి దిగుతాడు. ఇంటర్వెల్‌కు మనకు దొరికే జవాబు ఏదీ లేదు. చిక్కుముడి ఇంకాస్త బిగుసుకుంటుందంతే. చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు ఎవరైనా పిల్లలే, ఇష్టపడ్డాం అన్న మాట కోర్టులో చెల్లదు, మరి వీణ్ని ఎలా బయటపడేస్తారు? ప్రేక్షకుడు పాప్‌కార్న్ క్యూలో నిలబడి చేసే చర్చ అది. సెకండాఫ్ నాలుగు గోడల మధ్య, నల్లకోట్ల మధ్య నడిచినా ఎవరూ కదల్లేదు. శివాజీ చేసిన మంగపతి వల్ల ఇంకో మేలు జరిగింది. విలన్ ఇంటర్వెల్ తర్వాత కూడా కొత్త ఎత్తు వేస్తూనే ఉంటాడు. పెద్ద సినిమాల్లో విలన్ ఆ పాటికి హీరో కొట్టుడుకు అలవాటు పడిపోయి ఉంటాడు.

‘లక్కీ భాస్కర్’ది మరో రకం పనితనం. బొంబాయిలో బ్యాంకు క్యాషియర్, 1989 నుంచి 1992 దాకా కథ, సీబీఐ వాళ్లు వచ్చి ప్రశ్నించడంతోనే మొదలు. దొరికిపోయాడని మనకు ముందే తెలుసు కాబట్టి, వాడు సంపాదించే ప్రతి రూపాయికీ ‘ఎక్కడ పట్టుబడతాడో’ అన్న గుబులు ఉచితంగా వచ్చేస్తుంది. వెంకీ అట్లూరి చేసిన తెలివైన పని ఇంకోటి: బ్యాంక్ రసీదుల కుంభకోణం లాంటి తలనొప్పి వ్యవహారాన్ని భాస్కరే కెమెరా వైపు తిరిగి, చెల్లికి లెక్క నేర్పినట్టు చెబుతాడు. మొదట క్యాష్ బాక్సులో డబ్బు వాడుకుని మళ్లీ పెట్టేయడం, తర్వాత పెద్ద మొత్తాల మీదకు చేయి చాపడం. అంకె పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అర్థంకాని చోట ప్రేక్షకుడు విసుగుపడతాడు, ఆ విసుగునే ల్యాగ్ అంటాడు. వివరణను పాత్ర నోటనే పలికిస్తే ఆ బాధ లేదు.

‘35 చిన్న కథ కాదు’ కూడా ఇంతే. తిరుపతి కుర్రాడికి లెక్కలు రావు. సున్నాకు విలువే లేదంటారు, అదే ఒకటి పక్కన పెడితే పది ఎలా అయిందంటాడు. పాస్ మార్కులు ముప్పై అయిదు వస్తాయా రావా? అదొక్క ప్రశ్నతో సినిమా మొత్తం నడిచింది. ఒక్క ఫైటూ అక్కర్లేకపోయింది.

ఇక రెండో రోజు కత్తెర సంగతి. రిలీజ్ తర్వాత నిమిషాలు కోసేస్తే సినిమా బాగుపడుతుందని జనంలో ఒక నమ్మకం. ఆ కోత ఎలా జరుగుతుందో తెలిస్తే ఆ నమ్మకం ఉండదు. థియేటర్‌కు వచ్చేది డీసీపీ అనే డిజిటల్ మూట. అందులో బొమ్మ, శబ్దం ఫైళ్లతో పాటు, ఏ రీలు ఎక్కడ మొదలై ఎంతసేపు ఆడాలో చెప్పే చిన్న ప్లేలిస్ట్ ఒకటి ఉంటుంది. కోత పెట్టాలంటే చాలాసార్లు సినిమా అంతా మళ్లీ పంపక్కర్లేదు, ప్లేలిస్ట్ మార్చి పంపితే ఆ ముక్క దాటేసి ఆడుతుంది. అయితే ఆ మూటను తెరిచే డిజిటల్ తాళంచెవి పాత ప్లేలిస్ట్‌కు కట్టి ఉంటుంది కాబట్టి కొత్తదానికి కొత్త తాళంచెవి కావాలి. అది సకాలంలో అందని హాల్లో పాత సినిమానే ఆడుతుంది. ‘ట్రిమ్ చేశారన్నారు, మా ఊళ్లో ఆ సీన్ ఉందే’ అని అనుకోవడానికి ఇదొక కారణం. సర్టిఫికెట్ వచ్చాక కోసినా కలిపినా సెన్సార్ బోర్డుకు చెప్పాల్సిందే కూడా.

అసలు పేచీ శబ్దంతో. డైలాగు, చప్పుళ్లు, నేపథ్య సంగీతం అన్నీ అప్పటికే కలిపి బిగించేశారు. కథకు కీలకమైన సీన్ మధ్యలో రెండు నిమిషాలు లాగితే సంగీతం తెగి చెవికి జర్కు కొడుతుంది. అందుకే ఎడిటర్ చేయి తేలిగ్గా ఊడొచ్చే వాటి మీద పడుతుంది: పాట రెండో చరణం, కమెడియన్ ట్రాక్, హీరో ఎంట్రీలో మూడు నడకల్లో ఒకటి. ఇవి తీసేస్తే నిడివి తగ్గుతుంది, సినిమా దారి మారదు. పైగా ఒక్కోసారి ఊపిరి తీసుకునే చోటు పోయి గందరగోళం పెరుగుతుంది. తీయడమే కాదు, కలపడం కూడా ఇంతే తేలిక. ‘దేవర’లో ‘దావూదీ’, ‘గేమ్ ఛేంజర్’లో ‘నానా హైరానా’ మొదటి రోజు ప్రింట్‌లో లేవు, తర్వాత వచ్చి చేరాయి. పాట లేకుండానే కథ అర్థమైందంటే దాని స్థానం ఏమిటో వేరే చెప్పాలా? (మొదటి రోజు ఎక్కువ డబ్బు పెట్టి చూసినవాడికి పాట లేని సినిమా, కొన్నాళ్లకు తక్కువ టికెట్‌తో వెళ్లినవాడికి పాటతో సహా. ఎక్కువ కట్టినవాడికి పూర్తయిన సరుకు ఇవ్వడం న్యాయం కదా.)

మూలాన్ని తాకే కోత ఎలా ఉంటుందో చూడాలంటే ‘బాహుబలి: ది ఎపిక్’ ఉంది. 2015, 2017 నాటి రెండు భాగాలు కలిపితే ఐదున్నర గంటలకు దగ్గర. దాన్ని రాజమౌళి సుమారు 3 గంటల 45 నిమిషాలకు దించి 2025 అక్టోబర్ 31న వదిలాడు. పోయినవి ఏమిటి? శివుడు-అవంతిక ప్రేమకథ, ‘పచ్చబొట్టేసిన’, ‘కన్నా నిదురించరా’, యుద్ధంలో కొన్ని ఘట్టాలు. ఇవేవీ చెడ్డ సీన్లని తీయలేదు. అప్పట్లో శివుడెవరో తెలియదు కాబట్టి కొండెక్కి, ప్రేమించి, మాహిష్మతి చేరేదాకా ఓపిగ్గా చూశాం. ఇప్పుడు హాల్లో కూర్చున్న ప్రతివాడికీ సింహాసనం ఎవరిదో తెలుసు. ప్రశ్న మారింది కాబట్టి పాత దారి పనికిరాకుండా పోయింది.

ఈ గొడవల్లో దేనికీ చిక్కని సినిమా ఒకటుంది. అనిల్ రావిపూడి ‘సంక్రాంతికి వస్తున్నాం’. కిడ్నాప్ కథ పేరుకే, లాజిక్ అడిగితే నవ్వుతారు. కానీ వెంకటేశ్‌కు ఇటు భార్య భాగ్యం, అటు మాజీ ప్రేయసి మీనాక్షి, మధ్యలో నోరు జారే బుల్లిరాజు. ప్రతి సీనుకూ ఆ ముగ్గురిలో ఎవరు ఎవర్ని ఇరికిస్తారన్నదే ఆసక్తి, అది ఇంటర్వెల్‌తో ఆగదు. సుమారు 2 గంటల 24 నిమిషాల ఆ సినిమాను 2025 మార్చి 1 సాయంత్రం జీ తెలుగులో వేశారు, ఓటీటీలోకీ ఆ రోజే వచ్చింది. టీవీలో పది నిమిషాలకోసారి ప్రకటన పడుతుంది, అంటే ఒక్కటి కాదు, పదికి పైనే ఇంటర్వెల్స్. అన్నం కలుపుకుంటూ, తలుపు తీసొస్తూ, ఎక్కడ వదిలినా అక్కడే మళ్లీ అందుకోగలిగే సినిమా అది. బ్యాంగ్ కోసం గంటన్నర కట్టిన సినిమాను అదే టీవీలో పెట్టి చూడండి. సరిగ్గా కత్తి లేపే వేళకు సబ్బు ప్రకటన వస్తుంది.